వెచ్చటి డబ్బా

ల్యాబు కిటికీ వెనక కూర్చున్నావిడ నోట్లోంచి రోజంతా వచ్చే మాటలు రెండే. ఉంది, లేదు. ఉందంటే పొంగిపోయేవాళ్ళుంటారు, అదే మాటకి కుప్పకూలేవాళ్ళూ ఉంటారు, ఎవరి గోల వాళ్ళది. ఆవిడకి అదంతా పట్టదు. మూత్రంలో ముంచిన కాగితప్పట్టీ మీద ఒక గీత పడితే కడుపు లేదు, రెండు పడితే ఉంది. గీతలు చూసి చూసి ఆవిడకి గీతలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు ఆవిడ మొగుడికైనా గుర్తుందో లేదో.

మన బ్రేకక్కకి మాత్రం లేదు అనే మాటే కావాలి. వారం వారం అదే కావాలి. ఆ మాట మీదే ఆమె ప్రాణం ఆధారపడి ఉంది.

బ్రేకక్క అంటే డ్రైవింగు స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పే మనిషి. నేర్చుకునే వాళ్ళ పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె కాలెప్పుడూ దాని మీదే, నోరెప్పుడూ నేర్చుకునే వాళ్ళ మీద. "అద్దం చూడమ్మా, నీ మొహం కాదు, వెనకొచ్చే లారీని చూడు" అని ఆమె చేత తిట్లు తినని ఆడమనిషి ఆ పేటలో స్టీరింగు పట్టలేదు. తిట్టినా మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు. ఆమె పక్కనుంటే భయం వెయ్యదు, అదీ సంగతి.

అలాంటి మనిషికి పోయిన ఏడు నెల తప్పింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. మూడో నెలకే పొట్ట ఐదో నెల పొట్టంత అయింది, వాంతులు ఆగవు, రక్తం కనిపించింది. స్కానింగు చేస్తే లోపల బిడ్డే లేదు. కడుపు నిండా నీటిబుడగల గుత్తులు. ముత్యాల గర్భం అంది డాక్టరమ్మ. ముత్యాలట. ఎవడు పెట్టాడో ఆ పేరు, దొరికితే నాలుగు తగిలించాలి వాడికి.

ఆపరేషను చేసి అదంతా తీసేశాక డాక్టరమ్మ ఆమెనీ మొగుణ్ణీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "లోపల ఒక్క గింజ మిగిలినా అది మళ్ళీ పెరుగుతుంది. ఊపిరితిత్తులకి పాకుతుంది. అది ఎక్కడ దాక్కున్నా, కడుపుతో ఉన్నవాళ్ళ ఒంట్లో ఊరే పదార్థమే దాన్నుంచీ ఊరుతుంది. అది మూత్రంలో బయటపడుతుంది. అందుకే వారం వారం పొద్దుటి మూత్రం పరీక్షకి రావాలి. అందరికీ రెండు గీతలు పడితే బిడ్డ, నీకు పడితే జబ్బు. గుర్తుపెట్టుకోండి. ఏడాది పాటు కడుపు రాకూడదు. వచ్చిందంటే ఆ గీతలు బిడ్డవో జబ్బువో నాకు తెలిసి చావదు."

మొగుడు బుద్ధిగా తలూపాడు. రంగుల దుకాణంలో పని అతనికి. గోడలకి వేసే రంగులు కలిపి డబ్బాల్లో పోసి ఇస్తాడు. మెతక మనిషి, గట్టిగా తుమ్మడు కూడా. ఆపరేషనైన నాటినుంచీ భయపడిపోయి హాల్లో చాపేసుకుని పడుకుంటున్నాడు. పరీక్ష మాట వచ్చేసరికి తనే ముందుకొచ్చాడు. "పొద్దున్నే నీకు క్లాసులుంటాయి కదా. ఆసుపత్రి మా దుకాణం దారిలోనే. సీసా నేను ఇచ్చి వెళ్తాలే."

ఆ మాటకి ఆమె కరిగిపోయింది. కాదూ మరి, పెళ్ళాం మూత్రం మోసుకెళ్ళే మొగుళ్ళు ఎందరుంటారు? దగ్గుమందు సీసా ఒకటి వేణ్ణీళ్ళలో మరిగించి, అందులో పట్టి, మూత బిగించి, సంచిలో పెట్టి ఇచ్చేది. అతను బస్సెక్కి గంట ప్రయాణం చేసి అక్కడ ఇచ్చేవాడు. సాయంత్రం ఖాళీ సీసా శుభ్రంగా కడిగి తెచ్చేవాడు కూడా, మహానుభావుడు.

మొదటి వారాల్లో ఉంది, ఉంది అనే వచ్చింది. కాస్త కాస్త తగ్గుతోందన్నారు. తర్వాత ఒకరోజు అతను మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చి, "లేదు వచ్చింది" అన్నాడు. ఆమె వంటింటి గట్టు పట్టుకుని ఏడ్చింది. అత్తగారు కూడా ఏడ్చింది. ఆ తర్వాత ప్రతి వారం లేదే. చూస్తుండగా నెలలు గడిచిపోయాయి. మధ్యలో ఆమెకి పొడిదగ్గు పట్టుకుంది. వెళ్ళి చెబితే డాక్టరమ్మ ఫలితాలు తిరగేసి, "అన్నీ లేదు అనే వస్తున్నాయి కదమ్మా. రోడ్ల మీద తిరిగే పని నీది, దుమ్ము" అంది. సరే, దుమ్మే కాబోలు అనుకుంది.

అలా ఉండగా ఒకరోజు దుకాణంలో రంగు డ్రమ్ము ఎత్తబోయి మొగుడికి నడుం పట్టేసింది. మంచం మీద అటు తిరగలేడు, ఇటు తిరగలేడు.

"ఈసారి నేనే వెళ్ళి ఇచ్చొస్తాను" అందామె.

"ఒక్క వారం మానేస్తే ఏమైపోతుంది? అన్నీ లేదే కదా. వచ్చే వారం నేను ఇస్తాలే."

"మీరు పడుకోండి."

"బస్సులో ఇబ్బంది. నా మాట విను" అని లేవబోయి అబ్బా అని మళ్ళీ పడ్డాడు. పాపం, నొప్పితో ఉండి కూడా నా గురించే ఆలోచిస్తున్నాడు అనుకుంది పిచ్చిది.

ల్యాబు కిటికీలోంచి సీసా అందిస్తే గీతలమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంటి, సీసాలో తెచ్చావు? మీ ఆయన ఎప్పుడూ మా డబ్బాలోనే ఇస్తాడు." కిటికీ పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు దొంతర పెట్టి ఉన్నాయి, అప్పటికప్పుడు ఎదురుగా ఉన్న బాత్రూములోకి వెళ్ళి పట్టి ఇచ్చేవాళ్ళ కోసం.

"సీసాలోంచి డబ్బాలోకి వంపుతారేమో" అందామె.

"ఏమో. ఎప్పుడూ చేతికి వెచ్చగా తగిలేది. ఇవాళ చల్లగా ఉంది" అనేసి గీతలమ్మ లోపలికి పోయింది. ఆ మాట బ్రేకక్క చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆమె ధ్యాసంతా రాబోయే మాట మీదే ఉంది.

కాసేపటికి గీతలమ్మ తల బయట పెట్టి, అందరికీ చెప్పినట్టే చెప్పింది. "ఉంది."

బెంచీ మీద పక్కనున్న పిల్ల, "అక్కా, శుభమా?" అని నవ్వుతూ అడిగింది. బ్రేకక్క నవ్వలేదు. కాగితం తీసుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్ని నెలలు వరసగా లేదు వచ్చి, ఇవాళ ఇంత గట్టిగా ఉంది వచ్చిందంటే ఏమనుకోమంటావు? ఏడాది కడుపు రాకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"కడుపు కాదండీ."

"కాదని నువ్వెలా చెబుతావు?"

"మా ఆయన హాల్లో పడుకుంటున్నారు. ఆపరేషనైన దగ్గర్నుంచీ."

డాక్టరమ్మ ఒక చూపు చూసింది. ఆ చూపులో ఏముందో అర్థం కాకపోవడానికి బ్రేకక్క చిన్నపిల్ల కాదు. ఒళ్ళు భగ్గుమంది. నాలుగు మాటలు అడిగేద్దామనుకుంది. కానీ ప్రాణం ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళతో గొడవ పెట్టుకోవడానికి నోరు రాదు ఎవరికైనా. స్కానింగు చేశారు. కడుపులో ఏమీ కనిపించలేదు. "మరీ తొలిరోజులయ్యుంటుంది. వారం ఆగి మళ్ళీ చూద్దాం" అని పంపేసింది డాక్టరమ్మ.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమొచ్చింది?"

"ఉందట."

ఆ పెద్దావిడ మొహం వెలిగిపోయింది. వారం వారం పరీక్షలు ఎందుకో ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ మనసులో ఉందంటే బిడ్డే. కోడలి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మంచం మీదున్న కొడుకుతో, "విన్నావురా, ఉందట. ఏడాదీ గీడాదీ అన్నారు, దేవుడు ఆగుతాడా" అంది.

కొడుకు మొహంలో నెత్తురుచుక్క లేదు. కప్పు వంక చూస్తున్నాడు.

"ఏరా, పలకవేం?"

"మేము... కలిసి లేము కదమ్మా" అన్నాడు మెల్లిగా. అని ఊరుకున్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పి, చెప్పాల్సిన రెండో ముక్క మింగేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అత్తగారి చెయ్యి కోడలి చేతిమీద నుంచి జారిపోయింది. తర్వాత ఆవిడ, గొంతు పెంచకుండానే, "పొద్దున లేస్తే కార్లలో తిరుగుడే కదా" అంది.

"నేను నేర్పేది ఆడవాళ్ళకి అత్తయ్యా."

"ఆడవాళ్ళకి అన్నదమ్ములుండరా? స్కూల్లో మగాళ్ళు లేరా? నేనేమీ అనట్లేదు. ఎవరి మనసుకి వాళ్ళే సాక్షి" అంటూ వంటింట్లోకి పోయింది. అనాల్సిందంతా అనేసి, ఏమీ అనట్లేదని చెప్పిపోవడం ఆవిడకి బాగా వచ్చు.

ఆమె మొగుడి వంక చూసింది. ఇప్పుడైనా లేచి, అమ్మా అవేం మాటలు అంటాడని చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు. నడుం నొప్పి కదా.

ఆ వారం ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. కంచం పెట్టేవాళ్ళు, తీసేవాళ్ళు. ఆమెకి దగ్గు ఎక్కువైంది. ఒకరోజు దగ్గితే చేతిగుడ్డ మీద ఎర్రగా పడింది. అది చూసి ఆమె బాత్రూములో నేలమీద కూలబడిపోయింది. కడుపు కాదని ఆమెకి తెలుసు. మరి నిన్నటిదాకా లేనిది ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఎంత ఆలోచించినా తెగలేదు. తన ఒళ్ళే తనకి అబద్ధం చెబుతోందా అనిపించింది.

తెగింది ఎక్కడో తెలుసా, స్కూలు కారులో. ఆ రోజు బండి నడుపుతున్నది బ్యాంకులో పనిచేసే ఆవిడ, భయస్తురాలు. మూడుసార్లు బండి ఆపేసి, తిట్లు తప్పవని తెలిసి, ముందుగానే మంచి చేసుకుందామని రోడ్డుకి అటువైపున్న కొట్టుకెళ్ళి రెండు కప్పుల టీ పట్టుకొచ్చింది. రోడ్డు దాటేసరికి ఆలస్యమైంది.

"సారీ అక్కా, చల్లారిపోయింది. అక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చేలోపే చల్లారింది."

బ్రేకక్క కప్పు చేతిలో పట్టుకుంది. నిజమే, చల్లగా తగిలింది. పొగలు కక్కే టీ రోడ్డు దాటేసరికి చల్లారింది. మరి ఇంట్లో పొద్దున్నే పట్టిన సీసా, బస్సులో గంట ఊగి వెళ్ళిన సీసా, గీతలమ్మ చేతికి వారం వారం వెచ్చగా ఎలా తగిలింది?

డబ్బాలో. వెచ్చగా. బాత్రూముకి ఎదురుగా ఉన్న కిటికీ దగ్గర.

"అక్కా, ఏమైంది అక్కా?" అంటోంది బ్యాంకావిడ. బ్రేకక్క టీ కింద పారబోసింది. "దిగమ్మా. ఇవాళ్టికి చాలు. నువ్వు రేపు రా" అని తను స్టీరింగు ముందుకి మారింది.

నడుం సర్దుకుని రెండు రోజులనుంచే అతను మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు. ఆమె వెళ్ళేసరికి రంగు డబ్బాని కుదిపే యంత్రంలో బిగించి, అది గడగడలాడుతుంటే పక్కన నిలబడి ఉన్నాడు. కౌంటరు మీద ఒక జంట రంగుల అట్ట పరుచుకుని పడగ్గదికి ఏ నీలం బాగుంటుందని తగువులాడుకుంటున్నారు. ఆమె వాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళి యంత్రం మీట కట్టేసింది. దుకాణమంతా నిశ్శబ్దమైంది.

"నా సీసా ఎక్కడ పారబోసేవాడివి?"

అతను మూత తీసే పట్టుకారు చేతిలోంచి జారవిడిచాడు. ఇంక వేరే జవాబు ఎందుకు?

"ఇక్కడొద్దు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

"కారెక్కు."

ఎక్కాడు. పక్క సీట్లో కూర్చున్నాడు, ఆ రెండో బ్రేకున్న సీట్లో. ఆమె ఆసుపత్రి దారి పట్టింది. అంత కోపంలోనూ ఆమె చేతులు వణకలేదు, గేరు తప్పలేదు. వణికింది అతనే. ఎదురుగా బస్సు కనబడగానే భయపడి కింద కాలు నొక్కేశాడు. కారు నడిరోడ్డు మీద గుద్దినట్టు ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి.

"బ్రేకు మీద కాలు తియ్యి."

తియ్యలేదు. రెండు కాళ్ళూ దానిమీదే పెట్టి బిగుసుకుపోయాడు. "ఆసుపత్రికి వద్దు. చెప్తాను. ఇక్కడే చెప్తాను."

"చెప్పు."

ఒక వాన రోజున బస్సు కిక్కిరిసి ఉందట. సీసా మూత వదులై సంచిలోంచి కారిందట. ముందు నిలబడ్డాయన ప్యాంటు తడిసిందట. ఏంట్రా ఇది అని వాసన చూసి అందరిముందూ బూతులు తిట్టాడట. బస్సంతా నవ్వారట. దిగి చూసుకుంటే సీసాలో అడుగున కూడా మిగల్లేదట. అందుకని ల్యాబు దగ్గర డబ్బా తీసుకుని బాత్రూములోకి వెళ్ళి, తనది పట్టి ఇచ్చేశాడట.

"ఇంటికొచ్చి చెప్పొచ్చుగా, ఒలికిపోయిందని."

"నువ్వు కోప్పడతావని."

ఆమె పళ్ళు బిగించింది. "మరి తర్వాత వారం?"

"ఆ బస్సులో మళ్ళీ సీసాతో ఎక్కాలంటే తల కొట్టేసినట్టుండేది. ఎలాగూ తగ్గుతోందన్నారు. లేదు అని వచ్చేసరికి నువ్వు ఎంత సంతోషపడ్డావు, అమ్మ ఎంత సంతోషపడింది. తర్వాత ఉంది అని వస్తే నేనేం చెప్పను? అందుకని మన స్టాపు దగ్గర కాలవలో పారబోసి..."

"ప్రతి వారం."

అతను తల వంచుకున్నాడు.

"ఆ మిఠాయి కూడా నీ ఉచ్చకే అన్నమాట" అందామె. ఆ మాట అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో దగ్గు అందుకుంది. దగ్గు ఆగాక గుడ్డ తీసి అతని ఒళ్ళో పడేసింది. ఎర్రగా ఉంది. "చూడు. సిగ్గేసిందట నీకు. నీ సిగ్గు ఇదిగో, ఇక్కడి దాకా పాకింది. పోనీ పిరికివాడివి, ఒప్పుకున్నాను. కానీ మీ అమ్మ నన్ను ఆ మాట అంటున్నప్పుడు నీకు తెలుసు. నాది కడుపు కాదనీ, నేను ఎవడితోనూ తిరగలేదనీ, లోపల జబ్బు పెరుగుతోందనీ ఆ గదిలో నీ ఒక్కడికే తెలుసు. కళ్ళు మూసుకున్నావు. నడుం నొప్పి ఏడ్చినట్టే ఉంది. కాలు తియ్యి."

ఈసారి తీశాడు.

డాక్టరమ్మ ముందు కుర్చీలో కూర్చోబెట్టి అంతా అతని నోటితోనే చెప్పించింది. ఎక్కడ ఆగినా, "ఊ, తర్వాత" అంటూ పొడిచింది, అచ్చం బండి నేర్పినట్టే. విని విని డాక్టరమ్మ మొహం కందిపోయింది. గీతలమ్మని పిలిపించింది. గీతలమ్మ సంగతంతా విని నోరు వెళ్ళబెట్టి, "అయితే ఇన్నాళ్ళూ నీ మొగుడికి కడుపు రాలేదని మేము వారం వారం ఖాయం చేస్తున్నామన్నమాట" అంది.

ఇంకో సమయమైతే బ్రేకక్క పడీ పడీ నవ్వేది. "మీరు మాత్రం తక్కువ తిన్నారా?" అంది. "ఆడదాని పరీక్షకి మగాడు బాత్రూములోంచి డబ్బా పట్టుకొస్తే, వెచ్చగా ఉందని తెలిసి కూడా మీకు అనుమానం రాలేదు. ఆవిడ సరే, మీరో డాక్టరుగారూ, దగ్గొస్తోందని నేను మొత్తుకుంటే కాగితం చూసి దుమ్మన్నారు. కాగితం మీద ఉంది అని వచ్చాక నా నడవడి చూశారు. ఒక్కసారైనా నా మాట నమ్మి ఛాతీ ఫొటో తీయించి ఉంటే?"

డాక్టరమ్మ క్షమించమనలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఆ మాట రాదు. కానీ పెన్ను తీసి, ఫైల్లో ఉన్న లేదులన్నిటి మీదా ఒకదాని తర్వాత ఒకటిగా గీత కొట్టేసింది. కొడుతున్నంతసేపూ ఎవరి వంకా చూడలేదు.

అప్పటికప్పుడు ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు కనిపించాయి. అక్కడే పట్టిచ్చిన మూత్రంలో గీతలమ్మ పదింతలు నీళ్ళు కలిపి చూసింది, రెండో గీత పోలేదు. వందింతలు కలిపింది, పోలేదు. ఎంత పల్చన చేసినా చెరగకపోతే లోపల అంత చిక్కగా ఊరుతోందన్నమాట.

"చచ్చిపోతానా?" అని అడిగింది బ్రేకక్క.

"ఈ జబ్బు మందుకి బాగా లొంగుతుంది. పాకినవాళ్ళు కూడా చాలామంది బతుకుతారు. కానీ ముందే తెలిసుంటే ఒక్క మందుతో పోయేది. ఇప్పుడు కలిపి ఇవ్వాలి. జుట్టు ఊడుతుంది, నోరు పుండవుతుంది, ఒళ్ళు గుల్లవుతుంది" అంది డాక్టరమ్మ. 'ముందే తెలిసుంటే' అన్న చోట మొగుడు చెవులు మూసుకోబోయాడు. ఆమె అతని చేతులు కిందికి లాగింది.

ఇంటికెళ్ళాక అత్తగారికీ అతని నోటితోనే చెప్పించింది. ఆవిడ అంతా వింది. చివరికి, "మగాడు కదే, నలుగురిలో నవ్వుతారని సిగ్గుపడ్డాడు" అంది.

"నువ్వు నోరు ముయ్" అంది బ్రేకక్క మొగుడితో. అతనేమీ అననేలేదు పాపం.

"కట్టుకున్నవాణ్ణి నువ్వంటావా?"

"అంటాను అత్తయ్యా. మీరు నన్ను అన్నదానికంటే అది చిన్నమాటే. మీరు వెనక్కి తీసుకున్న రోజున నేనూ తీసుకుంటాను." ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. ఆ రోజు కంచాలు ఎవరూ పెట్టలేదు, ఎవరూ తియ్యలేదు.

మందు మొదలైంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ వరసగా జరిగాయి. జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. నోట్లో మంచినీళ్ళు పోసుకున్నా కారం తిన్నట్టు మండేది. మంచం దిగలేని రోజుల్లో అతను కాళ్ళు పట్టాడు, వాంతులెత్తాడు, అన్నీ చేశాడు. చేస్తే చెయ్యనీ. ఆమె వద్దనలేదు, బాగుందనీ అనలేదు. పరీక్షకి మాత్రం ఒంట్లో ఓపికున్నా లేకపోయినా తనే వెళ్ళేది. కారు తనే నడిపేది. అతను పక్క సీట్లో కూర్చుని సీసా రెండు చేతులా పట్టుకోవాలి. సంచి లేదు, పొట్లం లేదు, గాజు సీసా, అందరికీ కనబడేటట్టు. కూడళ్ళలో బండి ఆగితే పక్క బండ్లవాళ్ళు తొంగి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ.

రెండో విడత మందు అయ్యాక ఒక పొద్దున కిటికీ ముందు నిలబడ్డారు. తలకి గుడ్డ చుట్టుకున్న బ్రేకక్కని చూసి వరసలోవాళ్ళు దారిచ్చారు. "అందరితోబాటే" అని ఆమె కదల్లేదు. తన వంతు వచ్చాక సీసా తనే అందించి, "నా కళ్ళముందు చెయ్యి" అంది. గీతలమ్మ కిటికీ దగ్గరికే పళ్ళెం జరుపుకుంది. పట్టీలు మూడు వేసింది. ఉన్నదున్నట్టు ఒకటి, పదింతలు పల్చన చేసి ఒకటి, వందింతలకి ఒకటి. వాటినే చూస్తూ ఇద్దరు ఆడవాళ్ళూ నిలబడ్డారు. వెనక అతను మెడ చాపి చూస్తున్నాడు.

మొదటిదాని మీద రెండు గీతలు పడ్డాయి. రెండోదాని మీదా పడ్డాయి, మసకగా. మూడోదాని మీద ఒకటే పడింది.

గీతలమ్మ తలెత్తింది. "ఉంది" అంది. "కానీ తగ్గింది. నిజంగా తగ్గింది."

బ్రేకక్క కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ ఆ ఇంటికి మోసుకొచ్చిన లేదులు ఎన్నో, వాటిలో ఒక్కటీ ఆమెది కాదు. ఈ ఉంది ఆమెది. తన ఒంటిలోంచి తీసి తన కళ్ళముందు తేల్చి చెప్పిన మాట.

వెనక నుంచి మొగుడు, "తగ్గిందట, విన్నావా" అన్నాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యడమా మానడమా తెలియక గాల్లోనే ఉంచాడు. "మిఠాయి తీసుకురానా?"

ఆమె వెనక్కి తిరిగి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత కిటికీలోంచి ఖాళీ సీసా తీసుకుని, కుళాయి కింద తనే కడిగి, అతని చేతిలో పెట్టింది.

"సంచిలో పెట్టకు. చేత్తో పట్టుకో."

"అలాగే. పద, కారు..."

"కారులో నేను వెళ్తాను. నాకు క్లాసు ఉంది" అంది. "నువ్వు బస్సులో రా."